పూత రాలిపోతే విత్తన కంపెనీపై కేసు వేయొచ్చా?

సందేహం: అరెకరంలో టమాటా వేశాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, పూత బాగా వచ్చింది, ఒక్క కాయా నిలవలేదు. విత్తనాలు అమ్మినాయన తన తప్పేం లేదంటున్నాడు. ఖాళీ ప్యాకెట్లు పారేశాను. తోట పీకేసి కేసు వేద్దామనుకుంటున్నాను. నష్టపరిహారం వస్తుందా?

సమాధానం: ముందు ఆ తోట పీకకండి. మీ తరఫున చెప్పగలిగిన సాక్షులు ఆ మొక్కలే.

కేసు వేసే హక్కు మీకుంది. రైతు కూడా వినియోగదారుడేనని, విత్తనాల చట్టం ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. విత్తనమంతా పొలంలో వేసేసిన రైతు పరీక్షకు నమూనా దాచి ఉంచుతాడని ఆశించలేమని కూడా అంది. కాబట్టి ప్యాకెట్ల గురించి టెన్షన్ వద్దు. బిల్లు మాత్రం వెతకండి, అందులో లాట్ నంబరు (ఏ విడత విత్తనమో చెప్పే నంబరు) ఉందేమో చూడండి.

చిక్కంతా వేరే చోట ఉంది. విత్తనం మొలకెత్తకపోతే వాదించడం తేలిక. మీది మొలిచింది, పెరిగింది, పూసింది కూడా. ‘పూత మీద ఎండలెలా ఉన్నాయి?’ అని ఎదుటి లాయరు మొదటే అడుగుతాడు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24కు దిగకపోయినా పుప్పొడి సరిగా పనిచేయదు. పూకాడ మధ్యలో చిన్న కణుపు ఉంటుంది చూడండి, అక్కడ పసుపెక్కి పువ్వు తెగి రాలుతుంది. యూరియా ఎక్కువైనా ఆకు పెరుగుతుందే తప్ప కాయ నిలవదు. ఎంత వేశారో ముందు మీకు మీరే నిజం చెప్పుకోండి, నాకు తర్వాత చెబుదురుగాని.

అదే లాట్ వేసిన మరో రైతుకూ కాయ రాలేదా? అదే వారంలో పక్క పొలంలో వేసిన వేరే రకం కాసిందా? ఈ రెండూ ఫొటోలతో చూపగలిగితే వాతావరణం సాకు పలచబడుతుంది. ఉద్యాన అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. తనిఖీ రోజు రమ్మని కంపెనీకీ అమ్మినవారికీ రిజిస్టర్డ్ పోస్టులో తెలపండి. రిపోర్టులో ‘పంట నష్టపోయింది’ అని మాత్రమే రాస్తే లాభం లేదు, కారణం కూడా రాయమనండి.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో (పాత పేరు ఫోరం) ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, తొందరేం లేదు. ఈలోగా రాత్రులు చల్లబడి అవే మొక్కలకు పిందె దిగితే, ఈ కేసు నేనైతే తీసుకోను.