లక్షణం అప్పజెబుతారు, కొత్త పద్యంలో అలంకారం గుర్తించలేరు: ఏం చెయ్యాలి?

మీరు అడిగింది రెండు విషయాలు. మీ తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష లక్షణాలు గడగడా చెప్పేస్తున్నారు గానీ పుస్తకంలో లేని వాక్యం ఇస్తే గుర్తించలేకపోతున్నారు. శబ్దాలంకారాలైతే అన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. అంతకుముందు విజయనగరం వైపు కొన్నేళ్ళు చేశాను. నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే, పేరు ఆఖర్న చెప్పడం. ముందు చెవిన పడాలి, తర్వాత పిల్లాడి నోట రావాలి, ఆ తర్వాతే "నువ్వు ఇప్పుడు అన్నావు చూడు, దాన్ని ఫలానా అలంకారం అంటార్రా" అనాలి. మన పుస్తకాల్లో వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. పేరు, లక్షణం, ఉదాహరణ. పిల్లలకి ఆ ఉదాహరణే అలంకారం అయిపోతుంది, అది దాటి బయటికి రారు.

శబ్దంతో మొదలుపెట్టండి, అర్థాలంకారాలతో కాదు. అర్థం తెలియకపోయినా శబ్దం వినిపిస్తుంది కాబట్టి, చదువులో వెనకబడ్డవాళ్ళు కూడా మొదటి రోజే చెయ్యెత్తుతారు. నేను ఎప్పుడూ పోతన భాగవతంలో గజేంద్రమోక్షం పద్యం తీసుకుంటాను:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దన మగుఁడ నుడువఁడని నడయుడుగున్

ఒక్క ముక్క అర్థం చెప్పకుండా రెండుసార్లు గట్టిగా చదువుతాను. "ఏ అక్షరం వినపడతంది?" అంటే వెనక బెంచీ నుంచి కూడా "డ" అని వచ్చేస్తుంది. అప్పుడు కథ చెబుతాను. విష్ణుమూర్తి ఎక్కడికో చెప్పకుండా పరుగెడుతున్నాడు. వెనకాల లక్ష్మీదేవి, అడుగుదామని గబగబా వెళ్తుంది, అడిగినా చెప్పడులే అని ఆగిపోతుంది. దాన్నే మామూలు మాటల్లో బోర్డు మీద రాస్తాను: "అడుగుదామని వేగంగా వెళ్ళింది, భర్త జవాబివ్వడనుకుని ఆగింది." విషయం అంతా ఉంది. మరి ఏం పోయింది? ఈ ప్రశ్నకి పిల్లలు చెప్పే జవాబులు మీరు వినాలి. ఒకమ్మాయి "ఆవిడ కాళ్ళు పోయాయి మేస్టారూ" అంది. ఒకే హల్లు ఇలా పదేపదే రావడమే వృత్త్యనుప్రాస, దాని గురించి అంతకంటే బాగా నేనేం చెప్పను! అలంకారం తీసేసి చదివి, ఏం తగ్గిందో చెప్పించడం అన్ని అలంకారాలకీ పనికొస్తుంది. ఇదొక్కటి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

పాదాల చివర ఒకే శబ్దం వచ్చే అంత్యానుప్రాసకి పద్యం కూడా అక్కర్లేదు. మన ఊళ్ళ పేర్లు చాలు. కొత్తవలస, ఆమదాలవలస. పాతపట్నం, కళింగపట్నం. నరసన్నపేట, సీతంపేట. ఒక జత ఇచ్చి రెండు పాదాలు కట్టమంటే గంటలో క్లాసంతా కవులే. కవిత్వం నాసిగానే ఉంటుంది, పర్వాలేదు, చెవి తయారవుతోంది.

ఛేకానుప్రాస, యమకం, లాటానుప్రాసల దగ్గరే అసలు గందరగోళం. నేను ఒక వాక్యం కట్టుకున్నాను: "పూలు వాడినా వాడి మాట వాడి తగ్గలేదు." మూడు వాడిల అర్థాలు మూడూ పిల్లల చేతే చెప్పించండి: వాడిపోవడం, అతని, పదును. మొదటి రెండూ పక్కపక్కనే ఆనుకుని ఉన్నాయి, హల్లుల జంట అర్థభేదంతో వెంటనే మళ్ళీ వచ్చింది, అది ఛేకం. తర్వాతది మధ్యలో "మాట"ని పెట్టుకుని వచ్చింది, అర్థం వేరు, అది యమకం. లాటానుప్రాసకి "ఆకలి వేళ పెట్టిన అన్నమే అన్నం" అంటాను. మాట అదే, అర్థమూ అదే, తాత్పర్యంలోనే తేడా. ఈ రెండు వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన ఉంటే లక్షణాలు వాళ్ళే రాసుకుంటారు.

పుస్తకంలో అలంకారంగా లెక్కపెట్టకపోయినా, గలగల, జలజల, చిటపట, తళతళ లాంటి మాటల మీద ఒక పీరియడ్ తప్పకుండా ఖర్చుపెట్టండి. పిల్లలు ఏ నది గురించి రాసినా "గలగల పారింది" అని రాసేస్తారు. వరదొచ్చిన వంశధారని చూసినవాడు కూడా అదే రాస్తాడు! గలగల అంటే రాళ్ళ మీంచి పల్చగా జారే నీళ్ళు. వంశధార పొంగితే అది ఉరుముతుంది, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేచోట హోరెత్తుతుంది. వానకి ఎన్ని చప్పుళ్ళున్నాయో రాయమంటే మా పిల్లలు చిటపట, టపటప, జోరు, హోరు, భోరు దాకా వెళ్ళారు, రేకుల ఇంట్లో వాన వేరు, తాటాకు ఇంట్లో వాన వేరు అని వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. ఆ తర్వాత "తళతళకి చప్పుడుందా?" అని అడగండి. ఉండదు. వెలుగుని కూడా చప్పుడు మాటతోనే చెబుతున్నామని అప్పుడు తడుతుంది.

నడక, అంటే లయ సంగతి కూడా ఇక్కడే ముగించేయొచ్చు. విజయనగరంలో గురజాడ ఇల్లు చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, ఆయన ముత్యాల సరం అనే ఛందస్సు నడక చేతులతో తట్టి చూపించేవాళ్ళు తక్కువ. "దేశమంటే మట్టికాదోయ్" అన్న పాదాన్ని దేశ, మంటే, మట్టి, కాదోయ్ అని విడగొట్టి మాత్రలు (లఘువుకి ఒకటి, గురువుకి రెండు) లెక్కపెట్టించండి. మూడు, నాలుగు, మూడు, నాలుగు. బల్ల మీద తట్టిస్తే లెక్క చెప్పనక్కర్లేదు. మీ ఊళ్ళో తప్పెటగుళ్ళు ఆడే పెద్దలుంటే ఒకపూట బడికి పిలవండి. గుండె మీద తప్పెట కొడుతూ, అడుగు వేస్తూ పాడే మనిషిని చూశాక లయ అంటే ఏమిటని ఏ పిల్లాడూ అడగడు.

ఇక అర్థాలంకారాలు. పుస్తకంలో చంద్రుడు, తామరపువ్వు, లేడికళ్ళు. పిల్లలు వాటిని తమ కళ్ళతో చూసి పోల్చినవి కావు. వాళ్ళు చూసినదాంట్లోంచి తీయండి. ఉద్దానం వైపు పనిచేసినప్పుడు నేను తిత్లీ తుపాను గురించి అడిగాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది కదా, అప్పటి చిన్నపిల్లలే ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఆ రాత్రి గాలి ఎలా ఉందో చెప్పండి, "చాలా" అనే మాట మాత్రం వాడకూడదు అన్నాను. (తోటలు పోయిన ఇళ్ళ పిల్లలు ఉంటారు, చెప్పనివాళ్ళని కదపకండి.) ఒకడు "తెల్లారి చూస్తే మా జీడితోట దువ్వని తలలాగ చిందరవందరగా ఉంది" అన్నాడు. చూడండి, ఉపమకి కావలసిన నాలుగూ వచ్చేశాయి. జీడితోట ఉపమేయం, దువ్వని తల ఉపమానం, లాగ ఉపమావాచకం, చిందరవందరగా ఉండటం సమానధర్మం. "చిందరవందరగా" తీసేస్తే లుప్తోపమ. పూర్ణోపమ, లుప్తోపమ తేడా అంతే.

ఉపమ, ఉత్ప్రేక్ష, రూపకం తేడాకి ఒకే జతని మూడు రకాలుగా చెప్పించాలి, మూడు వేరువేరు ఉదాహరణలిస్తే తేడా కనపడదు. "గాలి రాక్షసిలా అరిచింది." "ఆ గాలి ఊరి మీద పగబట్టిన రాక్షసేమో అనిపించింది." "గాలి రాక్షసి తోటలన్నీ మింగేసింది." మొదటివాడికి గాలి గాలే, రాక్షసి రాక్షసే, పోలిక మాత్రం ఉంది. రెండోవాడు ఊహిస్తున్నాడు. మూడోవాడికి ఆ రెండూ వేరు కానే కావు. చెప్పేవాడు ఎంతవరకు నమ్ముతున్నాడు అని అడగండి, పేరు దానంతటదే వస్తుంది. "గాలి అనెడు రాక్షసి" అని విగ్రహవాక్యం రాయిస్తే, వాళ్ళు ఎప్పుడో నేర్చుకున్న విద్యాధనం, అంటే రూపక సమాసం, దీనికి చుట్టమేనని తెలుస్తుంది.

ఇక్కడ పిల్లలు పడే గోతులు రెండున్నాయి. "వలె, లాగ, అట్లు" కనపడగానే ఉపమ అని రాస్తారు. "అమ్మ చెప్పినట్లు చేశాడు" ఉపమ కాదు, అందులో పోలికే లేదు. "ఏమో, కాబోలు" కనపడితే ఉత్ప్రేక్ష అంటారు. "రాజాం బస్సు వెళ్ళిపోయిందేమో" అన్నది ఉత్త అనుమానం, ఒకదాన్ని ఇంకొకటిగా ఊహించడం లేదు. ఇలాంటి దొంగ వాక్యాలు రోజుకి రెండు ఇస్తూ ఉండండి. "తమ్ముడు నాన్నలాగే పొడుగు" అన్నది ఉపమా కాదా అని మా స్టాఫ్ రూములోనే తగువు నడిచింది. పోల్చడం మనోహరంగా ఉండాలని లక్షణంలోనే ఉంది కాబట్టి కాదని నా పక్షం.

పొడుపుకథల్ని ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." కనురెప్పలు. ఉపమేయం దాచేసి ఉపమానం ఒక్కటే చెప్పడం, అంటే రూపకాతిశయోక్తి. అందులోనే అనుప్రాస కూడా. ఇంటి దగ్గర నాయనమ్మని అడిగి రాసుకురమ్మంటే సోమవారానికి నోటుపుస్తకం నిండుతుంది.

స్వభావోక్తి మాత్రం కష్టం. అందులో పట్టుకోవడానికి లాగ, ఏమో లాంటి కొక్కెం ఏదీ ఉండదు. దాన్ని అతిశయోక్తితో కలిపి చెప్పండి. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను చూడని పిల్లాడు ఇక్కడ అరుదు. వాలుగా లేచిన పొడుగాటి చింతమాను, కొసన కూర్చున్న పూజారి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగడం, జనం విసిరే అరటిపళ్ళు. ఉన్నది ఉన్నట్టు, కంటికి కట్టేలా రాస్తే స్వభావోక్తి. "పూజారి మబ్బుల్ని తలకి చుట్టుకున్నాడు" అంటే అతిశయోక్తి. రెండూ రాయించి, ఏది రాయడం కష్టమైందో అడగండి. సిరిమాను గురించి అబద్ధం ఆడటం తేలిక అంటారు, నిజం.

పరీక్ష మాట. మార్కులు పోయేది పేరు దగ్గర కాదు, సమన్వయం దగ్గర. "ఇందులో ఉపమాలంకారం కలదు, ఉపమేయానికి ఉపమానానికి మనోహరమైన పోలిక చెప్పబడినది" అని లక్షణం రాసి ఆపేస్తారు. ఇచ్చిన వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తోందో రాసి తీరాలి. నా క్లాసులో సమన్వయం రాయని జవాబుకి పేరు కరెక్టయినా సున్నాయే. మొదటి నెల ఏడుస్తారు, తల్లిదండ్రులు కూడా వస్తారు. అర్ధసంవత్సరం పరీక్షల నాటికి సర్దుకుంటుంది. శ్లేష (ఒకే మాటకి రెండర్థాలు), అర్థాంతరన్యాసం (ఒక విషయాన్ని ఇంకో విషయంతో సమర్థించడం) సంక్రాంతి సెలవుల తర్వాతకి ఉంచండి, ముందు చెబితే ఇవన్నీ కలిసిపోతాయి.