పెదనాన్నతో తిరిగితే నత్తి అంటుకుంటుందా?

ప్రశ్న: మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. మా బాబుకి వచ్చే నెలకి మూడేళ్ళు నిండుతాయి. ఏడాదిన్నరకే మాటలు వచ్చాయి, గలగలా మాట్లాడేవాడు. రెండు నెలల నుంచి ‘అ... అ... అ... అమ్మా’, ‘ప్ప్ప్ప్పడవ’ అంటూ మాట దగ్గర ఆగిపోతున్నాడు. ఒక్కోసారి నోరు తెరిచే ఉంటుంది గానీ శబ్దం రాదు, కళ్ళు గట్టిగా మూసేస్తాడు. ఒక వారం బాగానే ఉంటుంది, మళ్ళీ మొదలు. మా బావగారికి చిన్నప్పటి నుంచీ నత్తి ఉంది. బాబు రోజూ సాయంత్రం ఆయనతోనే రేవుకి వెళ్ళి, గోదావరి దాటించే పంటు చూసి వస్తాడు. ఆయన్ని చూసి నేర్చుకున్నాడేమోనని పది రోజులుగా ఏదో ఒక సాకు చెప్పి పంపడం లేదు. మా అత్తగారు వసకొమ్ము అరగదీసి నాకిద్దామంటున్నారు. మావారు కువైట్‌లో ఉంటారు. వీడియో కాల్‌లో ‘నిదానంగా చెప్పరా, ఊపిరి పీల్చుకుని చెప్పు’ అని ఒకే మాట నాలుగుసార్లు చెప్పిస్తారు. ఈమధ్య ఫోన్ మోగితే చాలు, వాడు మంచం కిందకి దూరుతున్నాడు. వచ్చే నెలలో ప్లేస్కూల్లో కూడా వేద్దామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ బావగారి సంగతి తేల్చేద్దామమ్మా. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. నత్తి అంటుకునేది కాదు, చూసి నేర్చుకునేదీ కాదు. మీ బావగారు ఏ దూరదేశంలోనో ఉండి, బాబు ఆయన్ని ఫొటోలో తప్ప చూడకపోయినా వాడికి ఇది వచ్చే అవకాశం ఇంతే ఉండేది. నత్తి కుటుంబాల్లో వస్తుంది, నిజమే. కానీ వచ్చేది రక్తసంబంధం వల్ల, సహవాసం వల్ల కాదు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి నత్తి ఉంటే రెండోవారికీ ఉండటం, మామూలు కవలల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. నత్తితో సంబంధమున్న కొన్ని జన్యువుల్లో మార్పులను 2010లో గుర్తించారు కూడా. పాకిస్తాన్‌లో నత్తి ఎక్కువగా ఉన్న కుటుంబాలను పరిశీలిస్తూ వెళితే అవి బయటపడ్డాయి. నత్తి ఉన్న అందరిలోనూ ఆ మార్పులే ఉండవు గానీ, దీని మూలం శరీరంలోనే ఉందన్నది మాత్రం ఖాయం.

కాబట్టి మీ పెంపకంలో లోపమేమీ లేదు. ఎవరో బూచాడిని చూపించి భయపెట్టినందుకు రాలేదు. దడుసుకున్నాడని తాయెత్తు కట్టించనక్కర్లేదు.

మరి ఈ వయసులోనే ఎందుకు? నత్తి చాలావరకు రెండు నుంచి నాలుగేళ్ళ మధ్యే మొదలవుతుంది. సరిగ్గా మాటలు పుంజుకునే వయసది. ఏడాది క్రితం ‘పాలు’, ‘తాత’, ‘బువ్వ’ అన్నవాడు ఇప్పుడు ‘పెదనాన్న పంటు ఎక్కుతుంటే నేను చూశాను కదమ్మా’ అనేంత దూరం వచ్చాడు. చెప్పాలనుకున్నదంతా మెదడులో ఒక్కసారిగా పొంగుతుంది. నాలుక, పెదవులు, గొంతు, ఊపిరి అన్నిటినీ లిప్తల్లో కలిపి నడిపించే ఏర్పాటు మాత్రం ఇంకా పక్వానికి రాలేదు. పెద్ద కాలువకి నీళ్ళు వదిలారు, మన చేలోకి వెళ్ళే పంట బోదె ఇంకా సన్నగానే ఉంది, అంతే. చాలామంది పిల్లల్లో ఆ బోదె తనంతట తనే వెడల్పవుతుంది. కొందరిలో పుట్టుకతో వచ్చిన తేడా వల్ల ఆలస్యమవుతుంది, లేదా ఎంతో కొంత అలాగే మిగిలిపోతుంది.

లెక్కల్లో చెప్పాలంటే, ప్రతి 100 మంది పిల్లల్లో 5 మంది దాకా ఏదో ఒక దశలో ఇలా తడబడతారు. వాళ్ళలో నలుగురికి ముగ్గురు బయటపడతారు. పెద్దయ్యాక కూడా నత్తి ఉండేది 100కి ఒకరికి.

ఇక మీ బాబు. పిల్లల తడబాటంతా నత్తి కాదు. ‘నాన్నా... నాన్నా... అదీ... అది చూడు’ అని మాటంతా రెండుసార్లు అనడం, ‘అంటే... మరేమో...’ అని సాగదీయడం మూడేళ్ళ పిల్లలందరూ చేసేదే. (మన భాషలో గబగబా, బిరబిరా, చిన్నచిన్న అన్నీ జంటమాటలే. పిల్లాడు ‘గబగబా’ అన్నా ఉలిక్కిపడి నా దగ్గరికి తీసుకొచ్చిన నాన్న ఒకాయన ఉన్నారు, ఆ బెంగ వద్దు.) కానీ మాట మొదటి శబ్దమే మూడు నాలుగుసార్లు రావడం, శబ్దం సాగిపోవడం, నోరు తెరిచినా గొంతు పెగలకపోవడం, దానికి తోడు కళ్ళు బిగించడం, ఇవి మామూలు తడబాటు కిందికి రావు. మీరు రాసిన తీరు చూస్తే ఇది నత్తి మొదలైన లక్షణమే. మీకు నచ్చుతుందని ‘ఏం లేదమ్మా, అదే పోతుంది’ అనేయడం నాకు తేలిక, కానీ అనను.

వారం బాగుండి వారం మళ్ళీ రావడం దీని స్వభావం. బాగున్న వారం ఏ తాయెత్తు వల్లో తగ్గిందనుకోవద్దు, మళ్ళీ వచ్చిన వారం ఎవరో దిష్టి పెట్టారనీ అనుకోవద్దు.

ఎవరికి పోతుంది, ఎవరికి మిగులుతుంది అన్నది కచ్చితంగా ముందే చెప్పలేం, కొన్ని గుర్తులు మాత్రం ఉన్నాయి. మూడున్నరేళ్ళ లోపు మొదలైంది, మిగతా మాటలు వయసుకి తగ్గట్టు బాగున్నాయి. ఈ రెండూ మీకు అనుకూలం. మగపిల్లాడు కావడం, పెదనాన్నకి పెద్దయ్యాక కూడా తగ్గకపోవడం, ఈ రెండూ జాగ్రత్త పడమని చెబుతున్నాయి. అందుకే ‘ఆరు నెలలు చూద్దాం, ఏడాది చూద్దాం’ అనే మాట మీ విషయంలో నేను చెప్పను. ఈ నెలలోనే స్పీచ్ థెరపిస్టుకి ఒకసారి చూపించండి. చూపించినంత మాత్రాన చికిత్స మొదలుపెట్టాలనేం లేదు. వాళ్ళు చూసి, లెక్కపెట్టి, కొన్నాళ్ళు గమనిద్దామనే అనొచ్చు. అలా గమనించడానికీ ఊరికే కూర్చోవడానికీ చాలా తేడా ఉంది.

ఇంట్లో చేయాల్సింది చెబుతాను. ఇందులో సగం మానుకోవాల్సినవే.

వీడియో కాల్‌తో మొదలుపెడదాం. మీవారు కొడుకుని ఏడాదికోసారి చూసే మనిషి, ఆయన ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ ‘నిదానంగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకో’, ‘మళ్ళీ చెప్పు’ అన్న ప్రతిసారీ పిల్లాడికి అందేది ఒక్కటే: నేను చెప్పింది నాన్నకి పట్టలేదు, నేను చెప్పిన తీరే ఆయనకి నచ్చలేదు. మంచం కింద దూరేది అందుకే. పైగా మూడేళ్ళ పిల్లాడు చెప్పగానే వేగం తగ్గించుకోగలిగితే వాడికి ఈ ఇబ్బందే ఉండదు. కొన్నాళ్ళు ఫోన్లో వాడిని మాట్లాడించకండి. ఫోన్ గోడకి ఆనించి పెట్టండి, వాడు ఆడుకుంటుంటాడు, మీవారు చూస్తుంటారు. ‘ఓహో, లారీలో ఇసుక వేశావే’ అని ఆయన తన పాటికి తాను అంటూ ఉండాలి. ప్రశ్నలు వద్దు. మాట్లాడాలనిపించిన రోజున వాడే ఫోన్ దగ్గరికి వస్తాడు.

‘నిదానంగా’ అన్న మాట పిల్లాడికి కాదు, మనకి పనికొస్తుంది. మీరు మాట్లాడేటప్పుడు కొంచెం ఆగి, విడదీసి మాట్లాడండి. వాడు చెప్పడం అయిపోయాక ఒకటి రెండు క్షణాలు ఆగి జవాబివ్వండి. మాట్లాడటమంటే పరుగుపందెం కాదని వాడికి అలా తెలుస్తుంది. వాడు మాట దగ్గర ఆగినప్పుడు మాట అందించకండి, చూపు తిప్పుకోకండి. చేతిలో పని ఉంటే ‘కూర దింపేసి వింటాను నాన్నా’ అని చెప్పి, దింపాక నిజంగానే వినండి. రోజుకి ఐదు నిమిషాలు, టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పెట్టి, వాడితో మీరొక్కరే నేల మీద కూర్చోండి. వాడు ఏం ఆడితే అదే ఆడండి, ఏమీ నేర్పించకండి.

పండక్కి ఇంటినిండా చుట్టాలుంటారు. ‘ఏదీ, మావయ్యకి పద్యం చెప్పు’, ‘తాతకి ఏబీసీడీలు చెప్పు’ అని పిల్లాడిని మధ్యలో నిలబెట్టడం మనకో వేడుక. ఈ సంక్రాంతికి ఆ వేడుక వద్దు. అందరూ ఒకేసారి మాట్లాడే చోట పిల్లాడు తన వంతు కోసం తోసుకోవాల్సి వస్తుంది, నత్తి ఎక్కువవుతుంది. ఇంకో మాట, గోదావరి జిల్లాల వాళ్ళకి వెటకారం వెన్నతో పెట్టిన విద్య. దాన్ని ఎవరి మీద ప్రయోగించినా సరే, మూడేళ్ళవాడి మాట మీద మాత్రం వద్దని చుట్టాలందరికీ ముందే చెప్పండి. మన సినిమాలు నత్తి పాత్రని నవ్వించడానికే వాడుకున్నాయి కాబట్టి, వాళ్ళు కావాలని కాకపోయినా అలవాటుగా నవ్వుతారు.

అలాగని నత్తి మాటే ఇంట్లో ఎత్తకూడదనుకోకండి. మాట ఇరుక్కుంటోందని వాడికి తెలుసు, తెలియకపోతే కళ్ళు ఎందుకు మూస్తాడు? విసుక్కున్నప్పుడు ‘మాట రావడానికి కష్టపడిందా నాన్నా? పర్లేదు, నేను వింటున్నాను’ అంటే చాలు. అందరూ గమనించి, ఎవరూ పలకని విషయం పిల్లలకి సిగ్గుపడాల్సిన విషయంగా మారిపోతుంది.

వస గురించి. మీ అత్తగారి తరానికి దాని మీద ఎంత నమ్మకమంటే, ఎక్కువ మాట్లాడేవాళ్ళని ‘వసపిట్ట’ అనేంత. అయితే మీ వాడికి మాటలు రాక కాదు, ఉన్న మాటలు సాఫీగా దొర్లక. వస ఏ రకంగా చూసినా దానికి మందు కాదు. వసకొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద చేసిన పరీక్షల్లో హాని కనిపించిందని అమెరికాలో 1968లోనే వసని ఆహారంలో కలపకుండా నిషేధించారు. పిల్లలకి మోతాదు మించితే వాంతులు పట్టుకుంటాయి. నాలుక కింద తీగ కోయించమని ఎవరైనా అంటే అదీ వినొద్దు, ఆ తీగకీ నత్తికీ సంబంధం లేదు. గోళీలు బుగ్గన పెట్టి మాట్లాడించడం ఇంకా ప్రమాదం, గొంతులో పడుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. నత్తి తగ్గించే మాత్రగానీ టానిక్ గానీ లేదు. ‘వారం రోజుల్లో నత్తి మాయం’ అనే ప్రకటన కనబడితే పేజీ తిప్పేయండి. అత్తగారిని మాత్రం నొప్పించకండి, ఆ ఐదు నిమిషాల ఆటలో ఆవిడనీ ఒక పూట కూర్చోబెట్టండి.

ప్లేస్కూల్ మానక్కర్లేదు. అక్కడ ఇంగ్లీషు కూడా వింటాడని బెంగ వద్దు, రెండు భాషలు వినడం వల్ల నత్తి రాదు. రైమ్స్ నిలబెట్టి చెప్పించవద్దని, అందరితో కలిపి పాడిస్తే చాలని టీచరమ్మకి చెప్పండి. పాడేటప్పుడు చాలామందికి నత్తి రాదు, మీరు గమనించే ఉంటారు.

థెరపీ అంటే పిల్లాడిని కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం కాదు. ఈ వయసులో ఎక్కువ పని తల్లిదండ్రులదే. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలో పుట్టిన లిడ్‌కోమ్ పద్ధతిలో, సాఫీగా వచ్చిన మాటని అమ్మానాన్నలే ఒక కొలత ప్రకారం మెచ్చుకుంటారు. థెరపిస్టు నేర్పాకే అది చేయాలి, చదివి సొంతంగా మొదలుపెడితే తేడా కొడుతుంది. ఇంకో పద్ధతిలో పిల్లాడి మీద మాటల ఒత్తిడి తగ్గించి, వాడి సామర్థ్యం పెంచుతారు. నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లలకి ఈ రెండు రకాలూ చేసి చూస్తే, ఏడాదిన్నర తర్వాత ఫలితం దాదాపు ఒకటేనని 2015లో తేలింది. అందుకే ఏ పద్ధతి అని తర్జనభర్జన పడకండి, మీకు ఓపికగా నేర్పే మనిషి దొరకడం ముఖ్యం.

ఎక్కడికి వెళ్ళాలంటే, ముందు మీ ఊరి అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించే బృందాలు అంగన్‌వాడీలకి వస్తాయి, అవసరమైన వాళ్ళని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ఖర్చుండదు. ప్రైవేటుగా వెళ్ళేట్టయితే థెరపిస్టుకి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగి తెలుసుకోండి. అడగటానికి మొహమాటం వద్దు. దగ్గర్లో ఎవరూ లేకపోతే వీడియో కాల్‌లో చేసే థెరపీ కూడా నేరుగా చేసినట్టే పనిచేస్తుంది. ఆ కాల్‌లో మీవారు కువైట్ నుంచే కూర్చోవచ్చు. ఆయన ఆత్రానికి అంతకన్నా మంచి దారి లేదు.

తలకి దెబ్బ తగిలాక గానీ, ఫిట్స్ వచ్చాక గానీ మాట తడబడినా, ఉన్న మాటలు పోతున్నా అది వేరే సంగతి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మీ బాబుకి అలాంటిదేమీ కనిపించడం లేదు.

మళ్ళీ బావగారి దగ్గరికి వస్తాను. పది రోజులుగా పిల్లాడు రాకపోవడానికి కారణం ఆయనకి తెలిసే ఉంటుందమ్మా. నత్తి ఉన్నవాళ్ళకి ఎదుటివాళ్ళు తమని ఎప్పుడు తప్పించుకుంటున్నారో చిన్నప్పటి నుంచీ తెలుసు. మాట పూర్తయ్యేదాకా తొందరపెట్టకుండా వినే మనిషి మీ ఇంట్లో ఒకరున్నారంటే అది ఆయనే. రేపు సాయంత్రం బాబుని రేవుకి పంపండి. వీలైతే మీరూ కూడా వెళ్ళి, పంటు గురించి వాడు పెదనాన్నకి చెబుతున్న కబుర్లు వాడికి తెలియకుండా ఫోన్లో రెండు నిమిషాలు వీడియో తీయండి. పిల్లలు కొత్త మనిషి ముందు బాగానే మాట్లాడేస్తారు. థెరపిస్టు చూడాల్సింది ఆ రేవు దగ్గరి మాటలనే.