రైల్లో బేస్ వినాలంటే క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ తీసుకో

తమ్మీ, కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో పోతూ ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) వింటుంటే, కొత్త ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌లో బేస్ అసలు రావట్లేదన్నావు కదా. అవి పాడవలేదు, టెన్షన్ పడకు. ఆ రకంలో కప్పు వెనక జాలీ ఉంటుంది కాబట్టి చాలా మోడళ్లలో అడుగు ఫ్రీక్వెన్సీలు, అంటే బేస్, తగ్గిపోతాయి. బేస్‌లోనూ అట్టడుగున ఉండి గుండెకు తగిలే సబ్ బేస్ 20 నుంచి 60 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. రైలు రొద కూడా ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే కాబట్టి మిగిలిన కాస్తా మునిగిపోతుంది.

చెవి మొత్తం కప్పే, కప్పు వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ తీసుకో. నా దృష్టిలో బ్రాండ్ కంటే సీల్ ముఖ్యం. ప్యాడ్ చెవి చుట్టూ సందు లేకుండా ఆనకపోతే ముందు పోయేది బేసే. కళ్లజోడు ఉంటే అది పెట్టుకునే చూడు, కాడల దగ్గరే గాలి లీకవుతుంది.

వైరుదైతే ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం50ఎక్స్, లేదా బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో మంచివి. రెండోదాంట్లో 32, 80, 250 ఓమ్ (విద్యుత్ నిరోధం) రకాలున్నాయి. ఫోన్‌కు 32దే అడుగు, 250దానికి ఆంప్ (సిగ్నల్ పెంచే ఆంప్లిఫైయర్) కావాలి. రోజూ రైలే అయితే మాత్రం నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బ్లూటూత్‌దే నయం. ఆ రొదను అది బాగా తగ్గిస్తుంది, వాల్యూమ్ పెంచాల్సిన పనుండదు.

హనుమకొండలో షాపుకు వెళ్తే నీకు బాగా తెలిసిన ట్రాక్ నీ ఫోన్‌లోనే పెట్టి విను. ఈక్వలైజర్ (బేస్, ట్రెబుల్ పెంచి తగ్గించే సెట్టింగ్) మాత్రం ఆఫ్ చేసి ఉంచు.