బొల్లి పరిశోధనలో కంప్యూటర్‌కు పనేమిటి?

ప్రశ్న: మా చెల్లెలికి చేతుల మీద, పెదవుల పక్కన బొల్లి మచ్చలు వచ్చాయి. రోగనిరోధక వ్యవస్థ మన సొంత కణాల మీదనే దాడి చేయడం వల్ల ఇది వస్తుందని డాక్టరు గారు చెప్పారు. నేను ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్‌లో ఉన్నాను. ఇలాంటి వ్యాధుల పరిశోధనలో కంప్యూటర్లను విరివిగా వాడుతున్నారని చదివాను. చర్మం మీది జబ్బులో కంప్యూటర్ కనిపెట్టేదేమిటి? బైపీసీ చదవని నాలాంటి వారికి అందులో చోటుందా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: చోటుందమ్మా, అవసరం కూడా ఉంది. బొల్లిలో చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లను సీడీ8 అనే రకం టీ కణాలు (రోగనిరోధక వ్యవస్థకు చెందిన తెల్ల రక్తకణాలు) వెతికి మరీ చంపుతాయి. ఇది అంటువ్యాధి కాదు. చేపలు తిని పాలు తాగినందువల్ల వచ్చేదీ కాదు. ఇంటికి వచ్చిన బంధువులెవరైనా ఆ మాట అంటే మీ చెల్లెలి ఎదుటే ఖండించండి.

టీ కణాలకు రంగు కణాల జాడ ఎలా తెలుస్తోంది, వాటిని ఎవరు పిలుస్తున్నారు, ఎవరు ఆపుతున్నారు అన్నవి పరిశోధకుల ముందున్న ప్రశ్నలు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో చర్మవ్యాధి నిపుణుడు జాన్ హారిస్ బృందం, గణన జీవశాస్త్రజ్ఞుడు మాన్యుయెల్ గార్బర్ బృందం కలిసి 2021లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. చర్మాన్ని కోయకుండా, దాని మీద చిన్న పరికరం అమర్చి, కొంచెం వెచ్చబరచి, లోపలి గాలిని మెల్లగా తీసేస్తే కాసేపటికి నీటి బొబ్బ లేస్తుంది. ఆ బొబ్బ పైకప్పులోనూ నీటిలోనూ బతికున్న చర్మ కణాలు, టీ కణాలు దొరుకుతాయి. రోగి శరీరంలో మచ్చ ఉన్న చోటు నుంచి, మచ్చ లేని చోటు నుంచి, ఆరోగ్యవంతుల నుంచి ఇలా సేకరించిన ఒక్కొక్క కణంలో ఏయే జన్యువులు చురుగ్గా ఉన్నాయో, వాటి నుంచి తయారయ్యే నకలైన ఆర్‌ఎన్‌ఏ ద్వారా చదువుతారు.

కంప్యూటర్ పని ఇక్కడ మొదలవుతుంది. మనిషికి ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000. కణాలు వేలల్లో ఉంటాయి. ఒక్కో కణంలో ఒక్కో జన్యువు ఎంత చురుగ్గా ఉందో గడుల్లో రాస్తే ఒక పట్టిక అవుతుంది. అంత పెద్ద పట్టికలో అత్యధిక గడుల్లో సున్నాలే కనిపిస్తాయి. అందులోంచి ఒకే పోలిక ఉన్న కణాలను గుంపులుగా విడదీయాలి. ఒక గుంపు విడుదల చేసే సంకేతాన్ని అందుకునే గ్రాహకం ఏ గుంపులో ఉందో జతపరచాలి. పొరపాటుకు ఇక్కడ చాలా తావుంది. రోగుల నమూనాలన్నీ సోమవారం, ఆరోగ్యవంతులవన్నీ గురువారం పరీక్షిస్తే, కనబడిన తేడా జబ్బుదో రోజుదో ఎవరూ చెప్పలేరు. ఐదుగురి నుంచి పదివేల కణాలు తీసినా, గణాంకాల దృష్టిలో మన దగ్గరున్నది ఐదుగురు మనుషులే.

ఆ పట్టికలో, టీ కణాలు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్ సంకేతమే జబ్బుకు కేంద్రమని మరోసారి రుజువైంది. రోగుల చర్మంలో మచ్చ పడని చోట, దాడిని అణచే నియంత్రక టీ కణాలు జబ్బును ఆపడానికి ఇదే సంకేత మార్గాన్ని వాడుకుంటున్నాయని కూడా తెలిసింది. దాడి చేసే సీడీ8 కణాలు సీసీఎల్5 అనే రసాయనాన్ని విడుదల చేస్తుంటే, దాన్ని అందుకునే సీసీఆర్5 గ్రాహకం నియంత్రక కణాల మీద కనిపించింది. అయితే ఇదంతా సంబంధమే తప్ప కారణం కాదు. కారణాన్ని తేల్చుకోవడానికి వారు బొల్లి ఉన్న ఎలుకల దగ్గరికి వెళ్లారు. సీసీఆర్5 లేని నియంత్రక కణాలు గాజు పాత్రలో మామూలుగానే పనిచేశాయి. ఎలుక శరీరంలో మాత్రం జబ్బును ఆపలేకపోయాయి. అవి చర్మం దాకా రాకుండా పోయాయా అంటే అదీ కాదు, వచ్చాయి. కాపలాదారు ఊళ్లోకి వచ్చినా దొంగ ఉన్న వీధికి చేరనట్టు, చర్మంలో ఉండాల్సిన చోట అవి ఉన్నట్టు లేవు. ఈ సంగతి ఒక్క పట్టిక వల్లనో ఒక్క గాజు పాత్ర వల్లనో బయటపడేది కాదు. ఈ అధ్యయనం మీద నాకున్న గౌరవానికి కారణం అదే.

ఇలాంటి పని మందు దాకా వెళ్లిన దాఖలా కూడా ఉంది. రోగుల చర్మంలో ఇంటర్‌ఫెరాన్ గామా ప్రేరేపించే జన్యువులు చురుగ్గా ఉన్నాయని గమనించి, వాటిలో ఒకటైన సీఎక్స్‌సీఎల్10ను ఎలుకల్లో అడ్డుకుంటే పోయిన రంగు తిరిగి వచ్చిందని హారిస్ బృందం 2014లో చూపింది. ఇంటర్‌ఫెరాన్ గామా సంకేతాన్ని కణం లోపల మోసే జాక్ ఎంజైములను అడ్డుకునే రుక్సోలిటినిబ్ 1.5 శాతం క్రీముకు అమెరికా 2022 జులైలో, 12 ఏళ్లు నిండిన బొల్లి రోగుల కోసం అనుమతి ఇచ్చింది. పరీక్షల్లో 24 వారాలకు సుమారు 30 శాతం మందికి ముఖం మీది మచ్చల్లో కనీసం ముప్పావు వంతు రంగు తిరిగి వచ్చింది. మందు లేని క్రీము రాసుకున్న వారిలో అది పది శాతానికి అటూ ఇటూగా ఉంది. మందు ఆపితే మచ్చ మళ్లీ రావచ్చు. దాడిని గుర్తుంచుకున్న టీ కణాలు చర్మంలోనే కాపురముండటం అందుకు కారణం.

మీ విషయానికి వస్తే, గణాంక శాస్త్రం గట్టిగా నేర్చుకోండి. ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ లేదా పైథాన్ చాలు. రోగనిరోధక శాస్త్రం మీద ఒక మంచి పాఠ్యపుస్తకం వెంట పెట్టుకోండి. ఇలాంటి చాలా అధ్యయనాల కణ పట్టికలు జీన్ ఎక్స్‌ప్రెషన్ ఆమ్నిబస్ అనే అమెరికా ప్రభుత్వ ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. వీలైతే ఒక వేసవి ప్రయోగశాలలో గడిపి, నమూనా చర్మం నుంచి పట్టిక దాకా ఎలా వస్తుందో దగ్గరుండి చూడండి. మీ చెల్లెలికి కొత్త మచ్చలు వస్తున్నా, ఉన్నవి పెరుగుతున్నా చర్మవ్యాధి నిపుణులకు ఆలస్యం లేకుండా చూపించండి. వ్యాపిస్తున్న దశలో ముందుగా మొదలుపెట్టిన చికిత్సకే ఎక్కువ ఫలితం ఉంటుంది.