మాత్ర వేళలను చేతి పట్టీ సరిదిద్దగలదా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఏడేళ్లుగా పార్కిన్సన్స్ అనే, కదలికలు మందగించే నరాల జబ్బుకు లెవోడోపా మాత్రలు వాడుతున్నారు. డాక్టరుగారి ముందు చక్కగా నడుస్తారు; ఇంట్లో మాత్రం ఉదయం పదకొండయ్యేసరికి చొక్కా గుండీ కూడా పెట్టుకోలేరు. చేతికి కట్టే సెన్సర్లు పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పనికొస్తాయమ్మా, మీరు గమనించినదే వాటి అవసరాన్ని చెబుతోంది. వ్యాధి ముదిరేకొద్దీ ఒక్కో మాత్ర పనిచేసే సమయం తగ్గి, తర్వాతి మాత్రకు ముందే ఒళ్లు బిగుసుకుపోతుంది. పది నిమిషాల పరీక్షలో ఇది కనబడకపోవచ్చు.

మెల్‌బోర్న్‌లో రూపొందిన పర్సనల్ కైనెటిగ్రాఫ్ అనే పరికరాన్ని సాధారణంగా ఆరు రోజులు మణికట్టుకు కడతారు. మాత్ర వేళకు అది కంపించి గుర్తుచేస్తుంది. వేసుకున్నాక దానిమీద వేలు ఆనిస్తే ఆ సమయం నమోదవుతుంది. లోపలి సెన్సర్ కదలికలను రెండేసి నిమిషాల చొప్పున విశ్లేషించి, మందకొడితనం ఎప్పుడు పెరిగిందో, అదుపులేని కదలికలు ఎప్పుడు వచ్చాయో మాత్ర వేళల పక్కనే గ్రాఫులో చూపుతుంది. దాన్ని చూసి డాక్టరు మోతాదు పెంచడానికి బదులు మాత్రల మధ్య వ్యవధి తగ్గించవచ్చు. మాత్రే ఆలస్యంగా వేసుకుంటున్నారని తేలడమూ కద్దు.

చికిత్సలను, వైద్య పరికరాలను మదింపు చేసే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2023లో ఇలాంటి 5 పరికరాలను, మరిన్ని ఆధారాలు సేకరించాలన్న షరతుతో సిఫారసు చేసింది. అయితే దిగులు, మలబద్ధకం వంటివి సెన్సరుకు అందవు. కునుకు తీసినా మందకొడితనంగా లెక్కపడవచ్చు.

పరికరం దొరకకపోతే, వారం రోజులు మాత్ర వేళ, భోజన వేళ, బిగుసుకున్న వేళ నోటుపుస్తకంలో గంటగంటకూ రాసి డాక్టరుకు చూపండి. మోతాదు మాత్రం మీరుగా మార్చకండి.