పాపకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: డబ్బు కట్టొద్దు, అన్నా

అన్నా, మీ పాపకి టైప్ 1 షుగరు, చిత్తూరులో ఎవరో స్టెమ్ సెల్ (మూలకణం) ఇంజెక్షన్‌తో ఇన్సులిన్ మానేయొచ్చని లక్షల్లో అడుగుతా ఉండారు, కట్టాలా అని రాసినారు కదా. దయచేసి కట్టొద్దు.

స్టెమ్ సెల్స్‌తో కొందరు ఇన్సులిన్ మానేసినారని మీరు చదివిన వార్త నిజమే, కానీ ఆ చికిత్సా చిత్తూరు ఇంజెక్షనూ ఒకటి కాదు. ప్లూరీపొటెంట్ సెల్ అంటే ఒంట్లో ఏ కణంగానైనా మారగలిగే స్టెమ్ సెల్, దాన్ని ల్యాబులో వారాల తరబడి పెంచి ఇన్సులిన్ తయారుచేసే ఐలెట్ కణాలుగా మార్చి లివర్‌కి పోయే రక్తనాళంలోకి ఎక్కిస్తారు, జిమిస్లెసెల్ అనే ఈ చికిత్స ఫుల్ డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేకుండా పోయిందని 2025లో వచ్చింది. ఎంత గొప్ప విషయమో! అయితే వాళ్ళంతా పెద్దోళ్ళు, తమకి తెలీకుండానే రక్తంలో షుగరు ప్రమాదంగా తగ్గిపోతా ఉండేవాళ్ళు, పైగా ఇమ్యూనిటీని అణిచే మందులు వాడతానే ఉండాల. బిడ్డకి అది చిన్న సంగతి కాదన్నా.

ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం రక్త జబ్బులకి చేసే మూలకణ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ట్రయల్‌లోనే (పరిశోధనగా చేసే పరీక్షలోనే) చేయాల, ట్రయల్‌కి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐలో వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, నీళ్ళు నమిలితే లేచి వచ్చేయండి.

ఇన్సులిన్ మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దు, ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే కీటోఅసిడోసిస్ వస్తే ప్రాణం మీదికొస్తాది. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో ఎండోక్రైనాలజీ (షుగరు, హార్మోన్ల) డాక్టర్లకి ఒకసారి చూపించండి.