నల్లగా ఉన్నా పచ్చబొట్టే

ప్రశ్న: మా అబ్బాయి భీమవరం వెళ్లి ముంజేతి మీద తేలు బొమ్మతో దిగాడు. "పచ్చబొట్టు పొడిపించుకున్నావేంట్రా" అంటే, "పచ్చబొట్టు కాదమ్మా, టాటూ వేయించుకున్నా" అంటున్నాడు. రెండూ ఒకటి కాదా? నల్లగా ఉన్నదానికి పచ్చ అన్న పేరేమిటి?
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఒకటేనండీ. మీ ఇద్దరికీ తేడా వచ్చింది క్రియ దగ్గర. పచ్చబొట్టు పొడిపించుకుంటాం, టాటూ వేయించుకుంటాం. గోడకి సున్నం వేయించినట్టు, నొప్పి ఊసే లేదు అందులో. పొడవడంలో సూది ఉంది. కోడి పొడిచినా, ఎద్దు పొడిచినా అదే మాట. పొద్దు పొడవడం మాత్రం వేరు, అక్కడ పైకి రావడమని అర్థం.

టాటూ కూడా ఇంగ్లీషువాళ్ల సొంత మాటేం కాదు. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తాహితీ దీవికి వెళ్లినప్పుడు అక్కడివాళ్ల నోట విని రాసుకున్నది.

ఇక పచ్చ సంగతి. పూర్వం దీపపు మసిని ఆకుపసరుతో కలిపి సూదులతో ఒంట్లోకి దింపేవారు. మసి నలుపే. చర్మం కిందికి చేరాక నీలంగా, ఏళ్లు గడిచేకొద్దీ చెరువుమెట్ల మీది పాచిరంగులో కనిపిస్తుంది. పైగా మన పచ్చ ఒక్క రంగుతో ఊరుకోదు. పచ్చగడ్డిలో ఆకురంగు, పచ్చకామెర్లలో పసుపు. కొత్తకోడలు "పచ్చగా ఉంది" అంటే మేనిచాయ, "పచ్చగా ఉండమ్మా" అంటే దీవెన.

మా నాయనమ్మ ముంజేతి మీద తాతయ్య పేరు ఉండేది. చిన్నప్పుడు తీర్థంలో పచ్చబొట్లావిడ ముందు కూర్చోబెడితే, ఏడుస్తూనే పొడిపించుకుందట. మొగుడి పేరు నోటితో పలికేది కాదు. రేషన్ కార్డుకి పేర్లు రాసుకోవడానికి వచ్చినాయన "మీ ఆయన పేరేంటి మామ్మగారూ" అని అడిగితే, గాజులు పైకి తోసి చెయ్యి చాపింది. అప్పటికే అక్షరాలు ఉబ్బి ఒకదాన్నొకటి ఆనుకుపోయాయి. మధ్యలో సున్నా పూడిపోయి చుక్కయింది. ఆయన దాన్ని పుట్టుమచ్చ అనుకుని వదిలేశాడు. తాతయ్య పేరు సున్నా లేకుండానే కార్డెక్కింది. దిద్దిద్దాం అని మా నాన్న బయల్దేరితే నాయనమ్మే ఆపింది: "కిరసనాయిలు ఇస్తున్నారుగా, ఉండనీరా."